వాన టైము

పోయిన వారం మీరు నన్ను వదిలేసేసరికి నేను మా తమ్ముడి మొహం మీద తలుపేసి, గొళ్ళెం పెట్టి, ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడి ఉన్నాను. వాడు అవతలి నుంచి వాన పడిందనీ, రోడ్డు తడిసి ఉందనీ, తన మాట నమ్మమనీ అంటూనే ఉన్నాడు. నేను నమ్మలేదు. తోడబుట్టినవాడివి కదా అని నీ అబద్ధాన్ని కూడా కడుపులో పెట్టుకోవాలా అని గట్టిగానే అన్నాను. కాసేపటికి వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నేను సిటీ బస్సులో కండక్టర్ని. తమ్ముడు అదే డిపోలో డ్రైవరు. మా ఆయన డిపో కంట్రోలు రూములో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఎవరు ఆలస్యంగా వచ్చారో రాసే కంట్రోలరు. పదిహేడు రోజుల కిందట, ఊరంతా ఫైనలు మ్యాచికి అతుక్కుపోయి ఉన్న సాయంత్రం, తమ్ముడి బస్సు పిండిమర మలుపులో జారి ఫుట్‌పాత్ ఎక్కింది. స్టాపులో నిలబడి ఉన్న ఒక దర్జీ ఆవిడ కుడి పాదం చక్రం కింద నలిగిపోయింది. మిషను తొక్కే పాదం అది. ఆసుపత్రిలో మడమ దాకా తీసేశారు.

వాన పడి బస్సు జారిందని తమ్ముడు మొదటి రోజే రాసిచ్చాడు. వాన కొలిచే గొట్టం ఊరికి ఆ చివర హెడ్డాఫీసు మేడ మీద ఉంది, అందులో చుక్క లేదు. పోలీసులు వచ్చేసరికి మలుపులో ఎండ కాస్తోంది. మ్యాచికని కండక్టరు సెలవు పెట్టాడు, టికెట్లు కూడా తమ్ముడే కొట్టాడు. బస్సులో ఉన్నది నలుగురే, నలుగురూ దారిలో ఎక్కినవాళ్ళే. ఎర్ర జట్టు రెండో గోలు ఎన్నో నిమిషంలో తిందో నలుగురూ చెప్పారు. రోడ్డు తడిగా ఉందా అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డిపో విచారణ ఎల్లుండి పదింటికి అని కాగితం వచ్చింది. ఎండలో, పొడి రోడ్డు మీద, అజాగ్రత్తగా తోలాడని తేలితే వాడి ఉద్యోగం పోతుంది, ఆ వెనకే పోలీసు కేసు, జైలు. నేను తలుపేసింది ఆ కాగితం వచ్చిన సాయంత్రమే.

మర్నాడు పొద్దున్నే మొదటి ట్రిప్పు నాది.

ఈ పదిహేడు రోజుల్లో నాకు కొత్తగా ఒక అసహ్యం పుట్టింది. అది జనం మాటల మీద. పదకొండేళ్ళుగా ఆ మాటల మధ్యే బతికాను, ఎప్పుడూ చెవికెక్కలేదు. బస్సెక్కగానే ఈ రోజు ఎన్ని నిమిషాలు లేటని ఒకరు, మబ్బు పట్టింది చూశారా అని ఒకరు, పట్టినా పడదులే అని ఇంకొకరు. అక్కడి నుంచి నేరుగా మ్యాచిలోకి. ఎర్ర జట్టు వాళ్ళు ఈ పక్క, నీలం జట్టు వాళ్ళు ఆ పక్క. ఫైనల్లో నీలం గెలిచింది కాబట్టి ఆ పక్క నోళ్ళకి తాళాల్లేవు. మధ్యలో ఎవడో ఆ రోజు స్టాపు మీదకి ఎక్కించిన డ్రైవరు ఎర్ర జట్టు మనిషట, రెండో గోలుకి గుండె పగిలి స్టీరింగు వదిలేశాడట అన్నాడు. అందరూ నవ్వారు. నేను చిల్లర ఇస్తున్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పొద్దుపోక ఆడుకునే మాటలు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నది ఊరికే పుట్టలేదని ఆ రోజు అర్థమైంది.

నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. గొడుగులాయన. అటు చివరి స్టాండు దగ్గర గోడవారన కూర్చుని విరిగిన గొడుగులు బాగుచేసి అమ్ముతాడు. రోజూ మొదటి ట్రిప్పులో తన ఊచల మూట ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. జనమంతా దారిలో దిగిపోయాక, చివరి స్టాండుకి ఇంకా రెండు స్టాపులుండగా, నన్ను దగ్గరికి పిలిచాడు.

ఆ డ్రైవరు నీకేమవుతాడమ్మా అని అడిగాడు. తమ్ముడని చెప్పాను. దాచి ఏం లాభం. ఆయన కాసేపు మూట సర్దుకున్నాడు. తర్వాత చెప్పాడు, ఆ రోజు వాన పడిందని. చిన్న వాన కాదు, పావుగంట సేపు కుండపోతట. కొండ వైపు నుంచి వచ్చి చివరి స్టాండూ పిండిమరా తడిపి అటే పోయిందట, ఊళ్ళోకి రాలేదట. వాన పడితే తన దగ్గర గొడుగులు కొంటారు కాబట్టి తనకి ఏ వానా మరపు రాదన్నాడు. ఆ రోజు మూడు అమ్మాడట.

ఎదురు సీట్లో కూలబడ్డాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, నన్నెవరడిగారమ్మా అన్నాడు. నిజమే, ఎవరడిగారు. వానని గొట్టంలో వెతికారు గానీ వానలో కూర్చున్నవాణ్ణి ఎవరూ వెతకలేదు. రేపు విచారణకి వచ్చి ఈ మాట చెబుతావా అంటే, సరేనన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేనే ఆశపోతుదాన్నై ఇంకా ఏమైనా చూశావా అని అడిగాను.

"మీ తమ్ముడు నా గొడుగు కిందే నిలబడి ఆ స్తంభానికున్న డబ్బా ఫోను చేశాడమ్మా. గొడుగు నేనే పట్టుకున్నాను. వాన టైము రాయమన్నాడు. అవతలాయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఇతను మొదట నవ్వాడు. తర్వాత, బావా, ఆటలు కాదు బావా, నిజంగా పడుతోంది అన్నాడు. అవతల పెట్టేసినట్టున్నారు. ఫోను వంక చూసి, వాచీ చూసుకుని, పరుగున పోయి బస్సెక్కాడు."

బావా.

మా తమ్ముడికి ఉన్నది ఒక్క అక్క. ఉన్నది ఒక్క బావ.

వాన టైమంటే ఏమిటో బయటివాళ్ళకి తెలియదు కాబట్టి చెప్పాలి. ఏ ట్రిప్పుకైనా ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుంది. దాటితే ఆలస్యం మార్కు పడుతుంది. నెలలో మూడు మార్కులైతే వారం రోజులు ఇంట్లో కూర్చోవాలి. వాన పడితే మాత్రం ట్రిప్పుకి పన్నెండు నిమిషాలు ఎక్కువిస్తారు, నిదానంగా రమ్మని. దాన్ని ఇచ్చేది కంట్రోలరు. డ్యూటీలో సెల్‌ఫోను లాకర్లో పెట్టాలి కాబట్టి డ్రైవరు స్టాండులో డబ్బా ఫోను ఎత్తి అడుగుతాడు, కంట్రోలరు పుస్తకంలో వాన గడిలో టైము వేసి సంతకం పెడతాడు. వాన నిజమా కాదా అని ఎవరూ తరచి అడగరు. డ్రైవరు అన్నాడంటే పడినట్టే. మా డిపో పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆ రోజుకి తమ్ముడికి అప్పటికే రెండు మార్కులున్నాయి. అప్పటికే తొమ్మిది నిమిషాలు వెనకబడి ఉన్నాడు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి, సంచీ కూడా అప్పజెప్పకుండా కంట్రోలు రూముకి వెళ్ళాను.

అది అద్దాల గది. ఒక పక్క గోడంతా రూట్ల బోర్డు, ఎదురుగా యార్డు వైపు కిటికీ, బల్ల మీద మైకు, రెండు ఫోన్లు, పొడుగాటి అట్ట పుస్తకం. మా ఆయన ఒక్కడే ఉన్నాడు. మైకులో ఏదో బస్సు ఆరో ప్లాట్‌ఫారానికి వస్తోందని చెబుతున్నాడు. మంచి గొంతు. ఆ గొంతు వినే పెళ్ళికి ఒప్పుకున్నాను, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గు. నన్ను చూసి నవ్వి, అన్నం తిన్నావా అన్నాడు. నేను బల్ల దగ్గరికి పోయి పుస్తకం నా వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిరగేశాను. ఫైనలు రోజు. తమ్ముడి బస్సు నంబరు. కదిలిన టైముంది, చేరాల్సిన టైముంది. వాన గడి ఖాళీ. ఆ పేజీలో పై నుంచి కింది దాకా వాన గడి ఖాళీయే.

ఏం చూస్తున్నావని అడిగాడు. ఆ రోజు తమ్ముడు ఫోను చేశాడా అన్నాను. చేస్తే పుస్తకంలో ఉండేది కదా అన్నాడు. గొంతు ఏమాత్రం తొణకలేదు. అప్పుడు నేను గొడుగులాయన సంగతి చెప్పాను. వాన చెప్పాను, గొడుగు చెప్పాను, బావా అన్న మాట కూడా చెప్పాను. చెబుతున్నంత సేపూ ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అంతకు ముందు చూసి ఎరగను.

కుర్చీలో వెనక్కి వాలాడు. మైకు మీట కట్టేసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు. ఆ ఒక్క పని నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది. పెళ్ళాం ముందు పరువు పోయినా ఫరవాలేదు, ప్లాట్‌ఫారం మీద పోకూడదు.

"ఏమన్నావు వాడితో?" అన్నాను.

ఏమీ లేదు, ఊరికే అన్నాడు. ఆ ఊరికే ఏమిటో చెప్పమన్నాను. ఫోను వచ్చిన ఆ నిమిషంలోనే నీలం జట్టు రెండో గోలు కొట్టిందని, రేడియో మోగుతోందని, కిటికీలోంచి చూస్తే యార్డంతా ఎండగా ఉందని చెప్పుకొచ్చాడు. పొద్దున టీ దగ్గర మీ తమ్ముడు నన్నెంత ఏడిపించాడో నీకు తెలుసు కదా అన్నాడు. తెలుసు. ఆ ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకర్నొకరు అలాగే ఏడిపించుకుంటున్నారు. ఒక జట్టు ఓడితే రెండో ఇంట్లో పండగ. నేనే మధ్యలో కూర్చుని నవ్వుతుండేదాన్ని.

"అన్న మాట చెప్పు."

మైకు పక్కకి జరిపి చెప్పాడు. "మీ ఎర్రోళ్ళకి పడ్డ గోల్సు చాలవా, పైనించి వాన కూడా పడాలా? ఇక్కడ ఎండ దంచేస్తోంది, మూసుకుని తోలుకురా అన్నాను. అంతే. పెట్టేశాను. మళ్ళీ చేస్తాడులే, అప్పుడు రాద్దామనుకున్నాను. చెయ్యలేదు. నేను మ్యాచిలో పడిపోయాను."

అంతేనట. ఒక ఆడమనిషి పాదం పోయింది, మా తమ్ముడి బతుకు రోడ్డున పడింది, వాణ్ణి నేను గుమ్మం బయటికి గెంటాను, దేనికయ్యా అంటే ఒక వెటకారానికి. పగ ఉండి చేసినా ఓర్చుకునేదాన్నేమో. పగకి కనీసం ఒక కారణం ఉంటుంది. ఇది ఏమీ లేని చోట పుట్టింది, రోజూ బస్సులో నా చుట్టూ దొర్లే ఆ పనికిమాలిన మాటల్లోంచే.

జోకే కదా అన్నాడు మా ఆయన, అదీ నెమ్మదిగా, నన్ను ఊరడిస్తున్నట్టు. ఆ పుస్తకం ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. పదిహేడు రోజులూ నా పక్కన కూర్చుని అన్నం తిన్నావే, మా తమ్ముడు అబద్ధం ఆడుతున్నాడేమోనని నేనంటే తలూపావే, ఆ ముద్ద ఎలా దిగిందయ్యా నీకు అని మాత్రం అడిగాను. దానికి ఆయన నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

"మరి వాడెందుకు చెప్పలేదు? వాడికి తెలుసు కదా ఫోనెత్తింది నేనని. పదిహేడు రోజులుగా వాడు నా సంగతి ఎందుకు నోరెత్తలేదు?"

అది ఆయన తన తప్పు తగ్గించుకోడానికి అన్నాడు. నాకు మాత్రం అప్పుడే కళ్ళు తెరుచుకున్నాయి. వాన పడిందని అందరికీ చెప్పినవాడు ఫోను సంగతి ఎవ్వరికీ చెప్పలేదు. తలుపు అవతల నిలబడి కూడా నాకు చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాడు. ఆ కడుపు నాది. నా కాపురం కూలిపోతుందని వాడు జైలుకి సిద్ధపడ్డాడు, నేనేమో గొళ్ళెం పెట్టాను.

అక్కడే, ఆ మైకు ముందే, ఏడ్చాను. మా ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. రేపు నేనే చెబుతాను, పుస్తకం ఎలాగూ నన్నే తెమ్మన్నారు, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను, నువ్వు కంగారుపడకు అన్నాడు. గొడుగులాయన తప్పకుండా వస్తాడా అని అడిగాడు. వస్తాడని చెప్పాను. ఆయన ఏం విన్నాడు, ఏం వినలేదు అని అడిగాడు. అదీ చెప్పాను, నీ మాట ఆయనకి వినబడలేదని. ఒక్కటి కూడా దాచుకోలేదు. నాలాంటి వెర్రిబాగులది ఇంకోటి ఉంటుందా. కట్టుకున్నవాడు తప్పు ఒప్పుకుంటానన్నాడు కదా అని, తాళాలగుత్తి మొత్తం చేతిలో పెట్టి వచ్చాను.

విచారణ గది డిపో మేడ మీద, కాగితాల బీరువాల పక్కన. బయట నడవాలో ఒకే బల్ల. పదింటికి పావుగంట ముందే వెళ్ళాను. తమ్ముడు అప్పటికే వచ్చి గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు, తప్పు చేసింది తనైనట్టు. దగ్గరికి పోయి నాకంతా తెలిసిపోయిందని చెప్పాను. గొడుగులాయన వస్తున్నాడనీ, బావా అన్న మాట కూడా విన్నాడనీ చెప్పాను. క్షమించరా అనబోయి వాడి చొక్కా కాలరు సర్దాను.

వాడు సంతోషిస్తాడనుకున్నాను. వాడి మొహం మాడిపోయింది.

"ఎందుకక్కా కెలికావు? నాదెలాగూ పోయేదే. నీది కూడా పోవాలా?"

ఆయనే చెబుతానన్నాడురా అన్నాను. వాడు నా వంక అదోలా చూశాడు. చిన్నప్పుడు నేను ఏదైనా తెలివితక్కువ మాట అంటే అలాగే చూసేవాడు.

బల్లకి ఆ చివర ఒకావిడ కూర్చుని ఉంది, చంకకర్ర పక్కన నిలబెట్టుకుని. ఆవిణ్ణి నేను అంతవరకూ చూడలేదు. ఆసుపత్రికి పోవాలని పదిసార్లు అనుకుని, ఏ మొహం పెట్టుకుని పోనని పదిసార్లు మానేశాను. ఇప్పుడు వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా యూనిఫాం చూసి ఆవిడ నన్ను కూడా ఆఫీసు మనిషే అనుకుంది. విసుగ్గా, నాకు తెలియదమ్మా, నేను పిండిమర లోపల్నించి అప్పుడే వచ్చాను, తడిసిందో ఎండిందో చూసుకోలేదు అంది. ఇదే ప్రశ్న పదిమంది అడిగారట. పోలీసులడిగారట, డిపోవాళ్ళడిగారట, ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు కూడా వాన పడిందా అనే అడిగారట. ఇప్పుడు మిషను ఎలా తొక్కుతావని మాత్రం ఎవరూ అడగలేదట. నేను కూడా అడగలేకపోయాను. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

విచారణాధికారి బక్కపలచటి మనిషి. ముందు కాగితాలు, పక్కన రాసుకునే గుమాస్తా. తమ్ముణ్ణి ఎదురుగా నిలబెట్టారు. మా ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, నేను పలకరిస్తే కళ్ళతోనే ధైర్యంగా ఉండమన్నాడు. దర్జీ ఆవిణ్ణి గోడవారన కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఆ తర్వాత ఆ వైపు ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం నీ దారిలో వాన పడిందా అని మొదటి ప్రశ్న. రాసిచ్చిన కాగితంలో పడిందనే ఉంది. తమ్ముడు ఒకసారి నా వైపు, ఒకసారి బావ వైపు చూశాడు.

"లేదు సార్. పడలేదు. భయపడి అలా రాశాను. తప్పు నాదే."

గుమాస్తా కలం టకటకా పరిగెత్తింది. వాన లేకపోతే ఫోను లేదు, ఫోను లేకపోతే బావ లేడు. వాడి లెక్క అది. అడ్డం పడబోయాను, అధికారి చెయ్యెత్తి కూర్చోమన్నాడు. గొడుగులాయన్ని పిలిచారు. పాపం, ఎన్నడూ గడప దాటి మాట్లాడని మనిషి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాన కుండపోతగా పడిందన్నాడు. ఈ బాబు నా గొడుగు కిందే నిలబడి ఫోను చేశాడన్నాడు, వాన టైము అడిగాడన్నాడు. అవతలి మాట వినలేదన్నాడు. అధికారి తమ్ముణ్ణి దగ్గరికి రమ్మన్నాడు. వాన పడలేదని ఇప్పుడే కదా చెప్పావు అన్నాడు.

అప్పుడు మా ఆయన్ని పిలిచారు. ఆ రోజు ఈ డ్రైవరు నుంచి కంట్రోలు రూముకి ఫోను వచ్చిందా అని అడిగారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ మంచి గొంతుతోనే చెప్పాడు.

"వచ్చింది సార్. అడగ్గానే వాన టైము ఇచ్చాను. నిదానంగా రమ్మని కూడా చెప్పాను. ఇదిగో, గడిలో వేశాను."

పుస్తకం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, వేలుతో చూపించాడు. నేను కూర్చున్న చోటి నుంచే కనబడింది. నిన్న మధ్యాహ్నం నా కళ్ళతో చూసిన ఖాళీ గడి ఇప్పుడు ఖాళీగా లేదు. పన్నెండు నిమిషాలు. పక్కన సంతకం. రాత్రి డ్యూటీ ఎందుకు వేయించుకున్నాడో అప్పుడు తెలిసింది.

అధికారి చాలాసేపు ఆ గడి వంక చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. ఇక ఆయన అన్నదంతా నాకు దూరం నుంచి వినబడినట్టే వినబడింది. వాన పడింది. రోడ్డు జారుతుందని నీకు తెలుసు. పన్నెండు నిమిషాలు ఎక్కువిచ్చారు, నిదానంగా రమ్మన్నారు. అయినా ఆ మలుపులో అంత వేగంగా వచ్చావు. పైగా ఇక్కడ నిలబడి వానే పడలేదని అబద్ధమాడావు. ఏమైనా చెప్పుకుంటావా.

నిన్నటి దాకా తమ్ముడికి ఉన్న ఒకే ఒక్క ఆధారం వాన. దాన్ని సాక్షితో సహా వెతికి తెచ్చింది నేను. ఆ వాననే ఉరితాడు పేనమని మొగుడి చేతిలో పెట్టింది నేను.

తమ్ముడు బావ వంక చూశాడు. కోపంగా కూడా చూడలేదు. ఇంకేమైనా అడుగుతావేమో అడుగు, అదీ ఇచ్చేస్తానన్నట్టు చూశాడు. చెప్పుకునేదేమీ లేదు సార్ అన్నాడు. మా ఆయన కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నా వైపు తిరగలేదు.

గుమాస్తా కాగితం తిప్పి, ఇంకెవరైనా చెప్పేవాళ్ళున్నారా అని అలవాటుగా అడిగాడు. సంతకాలు పెట్టించుకోడానికి అప్పటికే ముద్ర పెట్టె తెరిచి పెట్టుకున్నాడు.

లేచి నిలబడ్డాను. ఉన్నానన్నాను.

మా ఆయన రుమాలు చేతిలోనే ఆగిపోయింది. తమ్ముడు వద్దక్కా అన్నట్టు తలూపాడు. నాకు ఆ క్షణంలో ఇద్దరి మీదా ఒకే మోస్తరు కోపం వచ్చింది. ఒకడు తన తప్పు కప్పుకోడానికి గడి నింపాడు. రెండోవాడు నా కాపురం కాపాడటానికి వానని మింగేశాడు. నోరు తెరిస్తే మొగుడి ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, దొంగ రాతకి కేసు కూడా అవుతుంది. అలా అని తమ్ముడు చేతులు దులుపుకుని రాడు. మార్కుకి భయపడి ఆ తడి మలుపులో కాలు బ్రేకు మీద పెట్టనిది వాడే. ఆ సంగతి చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ నావే.

అధికారి నన్ను పైనించి కిందకి చూశాడు. ఎవరు నువ్వని అడిగాడు. అతని అక్కని, ఇతని భార్యని అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా కాగితంలో రెండే గడులున్నాయని, సాక్షి డిపో తరఫునా, ఉద్యోగి తరఫునా అన్నది ముందు రాయాలని విసుక్కున్నాడు.

"తొందరగా చెప్పమ్మా. ఎవరి తరఫున రాసుకోమంటావు?"

గోడవారన దర్జీ ఆవిడ ఆ గదిలో మొదటిసారి తలెత్తి చూసింది.

"ఆ రెండు గడులూ కొట్టెయ్యండి" అన్నాను. "ఆవిడ తరఫున రాసుకోండి."